బోర్మాలో ఆరిన కంప్యూటర్లు

మా హైస్కూలుకి కంప్యూటర్లు వచ్చిన రోజు నేను క్లాసులో లేను, ప్రహరీ గోడ మీద ఉన్నాను. పదో తరగతికొచ్చిన ఆడపిల్ల గోడలెక్కడమేమిటని మీరు అడగొచ్చు. టెక్కలి నుంచి వ్యాను వస్తుందని ముందురోజే తెలిసిపోయింది. గేటు దగ్గర మగపిల్లలు కిక్కిరిసిపోయారు. ఇంకెక్కడి నుంచి చూడమంటారు? అప్పటికి రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయింది. పలాసలోనూ కాశీబుగ్గలోనూ కంప్యూటర్ సెంటర్ల బోర్డులు వేలాడుతున్నాయి గాని, పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానమని పిలిచే కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో దాక్కున్న మా ఊరికి కంప్యూటరంటే రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే కిటికీ వెనకాల కనిపించే పెట్టె. అలాంటివి నాలుగు, తెల్లటి అట్టపెట్టెల్లో, మా బడికే వచ్చాయి. సంతోషం పట్టలేక గోడ మీంచి జారి మోకాలు చెక్కుకుపోయింది. నొప్పి సాయంత్రానికి గాని తెలియలేదు.

మా హెడ్మాస్టరుగారు సోషల్ చెప్పేవారు. గొంతు పెద్దది, భయం అంతకన్నా పెద్దది. ఒక్కో పెట్టె దింపుతుంటే ఒక్కో సంతకం పెట్టి, ఆఖరి సంతకమయ్యాక మా అందరివైపూ తిరిగి, "వీటిలో ఏది పాడైనా జవాబు సెప్పుకోవలసింది నాను. బాగా వినండర్రా, నాను" అన్నారు. పాడైతే వెనక్కి పట్టుకెళ్ళిపోతారని, మళ్ళీ ఇవ్వరని ఆయనకెవరో చెప్పారు. ఆ మాట ఆయన నిద్రలో కూడా అనేవారేమో.

నేర్పడానికి ఒక కుర్ర సారు వచ్చారు. వారానికి మూడు రోజులు టెక్కలి నుంచి బస్సులో వచ్చేవారు. మేం కంప్యూటర్ సారు అనేవాళ్ళం. మొదటి రోజే మా పదో తరగతిని వరండాలో కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "ఏడాది చివరికి ఎవరు బాగా నేర్సుకుంటే ఆళ్ళని కాశీబుగ్గలో మా స్నేహితుడి సెంటర్లో పనికి పెట్టిస్తాను. సాయంత్రాలు పని సేసుకుంటా ఇంటర్ సదూకోవచ్చు." మిగతావాళ్ళు ఆ మాట విని మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ఎందుకు మర్చిపోలేదో చెప్పాలి. నా చిన్నప్పుడే నాన్న పోయాడు. అమ్మ పలాస చివర ఒక జీడి ఫ్యాక్టరీలో పని చేసేది. ఇంటికి కూడా పిక్కలు తెచ్చేది. బడికి వెళ్ళే ముందు, బడి నుంచి వచ్చాక, ఇద్దరం వాకిట్లో కూర్చుని పిక్కలు కొట్టి పప్పు తీసేవాళ్ళం. పిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. అది చర్మానికి తగిలితే కాలుస్తుంది, నల్లగా పట్టేస్తుంది. సబ్బుకి పోదు, నిమ్మకాయకి పోదు, కిరసనాయిలుకి పోదు. మా వీధిలో ఏ ఆడపిల్లనైనా చేతులు చూసి ఏ ఇంటిదో చెప్పలేరు, అందరివీ ఒకటే చేతులు. పది అయిపోగానే ఫ్యాక్టరీకి వెళ్ళడం కూడా అందరికీ ఒకటే. అమ్మ నాతో కోపంగా ఏమీ అనలేదు. మామూలుగానే చెప్పింది. "పది అవనీ గుంటా. పాసయినా ఫెయిలయినా నాతోటి వచ్చీ. ఒక్కదాని రెక్కల మీద ఇల్లు నడవదు." అంటే నాకున్నవి పది నెలలు. ఈ పది నెలల్లో ఆ పెట్టె ముందు కూర్చుని నేర్చుకుంటే కాశీబుగ్గ, లేకపోతే జీడి ఫ్యాక్టరీ. నా లెక్క అంతే.

ఇంత పెద్ద లెక్క వేసుకున్న దాన్ని, కంప్యూటర్ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజే అంతా బూడిదలో పోశాను. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే.

ముందురోజు సాయంత్రం మా వీధిలో ఒకడు వార్త మోసుకొచ్చాడు. "లోపలంతా కరెంటే. మీట నొక్కితే ఎదురు కొడతాదట." మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిక్క కొట్టే ముందు చేతులకి బూడిద పట్టించుకుంటాం. నూనె చర్మాన్ని అంటకుండా అదే అడ్డు. ఒట్టి చేతులతో పిక్క ముట్టుకుంటే అమ్మ వీపు మీద ఒకటిచ్చేది. చెయ్యి కాలే పని ఏదైనా సరే, ముందు చేతికి ఏదో ఒకటి పూసుకోవాలని మా ఒళ్ళకి తెలుసు. మర్నాడు పొద్దున్న బడికి బయల్దేరుతూ నేను పొయ్యిలోంచి గుప్పెడు మెత్తటి బూడిద కాగితంలో పొట్లం కట్టుకున్నాను. దారిలో తక్కిన వాళ్ళకీ చెప్పాను. చెప్పడమేమిటి, పంచిపెట్టాను. కంప్యూటర్ గదిలోకి వెళ్ళే ముందు జీడి కొట్టే ఇళ్ళ పిల్లలం పదకొండు మందిమీ మెట్ల దగ్గర నిలబడి, మోచేతుల దాకా శుభ్రంగా పట్టించుకున్నాం. మాకు ధైర్యం వచ్చింది. టకటకా కొట్టాం. కరెంటు ఎదురు కొట్టలేదు. బూడిద పనిచేసిందనుకుని ఇంకా గట్టిగా కొట్టాం.

పావుగంటకి మీటలు లోపలికి వెళ్ళి పైకి రావడం మానేశాయి. కంప్యూటర్ సారు ఒక కీబోర్డు ఎత్తి తిరగేసి దులిపారు. బల్ల మీద బూడిద పడింది. రెండోది దులిపారు, మళ్ళీ బూడిద. ఆయన మొహం చూసి హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు.

"ఇదేటి?"

"బూడిద సార్" అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా.

"బూడిదని నాకూ కనపడతంది. బూడిద ఇక్కడికి ఎందుకొచ్చింది?"

చెప్పాను. వివరంగానే చెప్పాను, ఎవరెవరికి ఎంతెంత ఇచ్చానో కూడా చెప్పాను. క్లాసంతా పగలబడి నవ్వింది. హెడ్మాస్టరుగారు నవ్వలేదు. అందర్నీ వరసలో నిలబెట్టి చేతులు చాపమన్నారు. నల్లటి చేతులు పదకొండు జతలు బయటికి తీశారు. "జీడి సేతులోళ్ళు ఒక్కరు కూడా ఈ గదిలోకి రావడానికి వీల్లేదు. సెప్పీసినాను" అన్నారు. కడిగి చూపిస్తామన్నాం. కడిగి చూపించాం. నలుపు పోతే కదా. ఆయనకి బూడిదకీ నలుపుకీ తేడా తెలియలేదో, తెలిసినా భయం ఒప్పుకోనివ్వలేదో. నాకైతే కడుపు మండిపోయింది. ఆ కోపంలో మూడు రోజులు సోషల్ పుస్తకం తెరవలేదు. నష్టం నాకే అని తర్వాత తెలిసింది.

కంప్యూటర్ పీరియడ్లో మా పదకొండు మందినీ వరండాలో కూర్చుని హోంవర్కు చేసుకోమన్నారు. వరండాలోకి ఆ గది కిటికీలు రెండు తెరుచుకుంటాయి. హోంవర్కు ఎవరు చేస్తారు? కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్ళం.

ఆ కిటికీలోంచి నేను చూసింది ఇప్పటికీ మర్చిపోలేను. మొదట నన్ను ఆశ్చర్యపరిచింది కంప్యూటరు కాదు, మాట్లాడుకోవడం. మా బడిలో మాట్లాడితే బెత్తం. అక్కడ ఒక్కో పెట్టె ముందు నలుగురైదుగురు కూర్చుని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, "అది కాదే, పైది నొక్కు", "ఉండు నాను సూత్తాను" అని గోల చేస్తుంటే కంప్యూటర్ సారు ఏమీ అనరు. తప్పు కొడితే ఒక మీట ఉంది, నొక్కితే తప్పు మాయమైపోతుంది. ఎర్ర సిరా లేదు, చెవి మెలిపెట్టడం లేదు. లెక్కల్లో ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకతి ఆ గదిలో తప్పు మీద తప్పు కొట్టి, చెరిపి, కిలకిలా నవ్వుతూ మళ్ళీ కొడుతుంటే నేను ఊచలు వదల్లేకపోయాను. తప్పు చేసి నవ్వొచ్చన్న సంగతి నాకు తొమ్మిదేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు సైన్సు సీడీ పెట్టారు. పుస్తకంలో గుండె బొమ్మ నాకు కంఠతా వచ్చు. నాలుగు గదులు, బాణాలు, పేర్లు, ఐదు మార్కులు. ఇక్కడ అది కొట్టుకుంటోంది. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, రక్తం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూకుతోంది. నాకు తెలియకుండానే నా చెయ్యి గుండె మీదికి పోయింది. ఇన్నాళ్ళూ బట్టీ పట్టింది ఇదా, ఇది నా లోపల ఇప్పుడు జరుగుతోందా అనిపించి ఒళ్ళు ఝల్లుమంది. పక్కనున్న వాళ్ళని కూడా పట్టుకుని చూడమన్నాను. పదకొండు మందిమీ గుండెల మీద చేతులేసుకుని వరండాలో నిలబడ్డాం.

హెడ్మాస్టరుగారు కూడా మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసుకుని నేర్చుకునేవారు. మౌసుని బల్ల అంచుదాకా తోసేవారు. ఇంకా తొయ్యడానికి చోటు లేకపోతే బల్లని జరిపేవారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి చూసి చూసి, "ఎత్తి ఎనక్కి పెట్టుకోవాలి సార్" అంది. ఆయన బుద్ధిగా ఎత్తి వెనక్కి పెట్టుకున్నారు. పిల్లలు చెబితే మేష్టారు వినడం కూడా నేనక్కడే మొదటిసారి చూశాను.

చూస్తే వేళ్ళకి రాదు కదా. మొదటి రోజు ఉత్సాహంలో కొట్టానే గాని ఏ మీట ఎక్కడుందో చూసుకోలేదు. నా బెంచీలో కూర్చునే స్నేహితురాలు కొబ్బరి తోటల వాళ్ళ పిల్ల, చేతులు శుభ్రం. లోపలికి వెళ్ళేది. దాన్ని పట్టుకుని బతిమాలి, మీటలన్నీ వరసగా నోట్సు చివరి పేజీలో రాసి తెమ్మన్నాను. తెచ్చింది. మొదటి వరస క్యూ, డబ్ల్యూ, ఈ, రెండో వరస ఏ, ఎస్ అని చదవగానే తిట్టాను. "సరిగ్గా సూడనేదు నువ్వు. ఏ తరవాత బీ ఉంటాది గాని ఎక్కడైనా ఎస్ ఉంటాదేటి?" పాపం అది మర్నాడు మళ్ళీ వెళ్ళి చూసొచ్చి, ఒట్టేసి చెప్పింది. ఎవడో తిక్కలోడు చేశాడనుకుని ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రం మా వాకిలి అలికి, ముగ్గుపిండితో కీబోర్డు వేశాను. గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని వేళ్ళతో నొక్కడం మొదలుపెట్టాను. మొదటివారం చూసి నొక్కాను, రెండోవారం చూడకుండా నొక్కాను, తర్వాత పదకొండు మందిమీ చేరాం. ఒకళ్ళు మాట చెబితే ఒకళ్ళు నేల మీద కొట్టాలి, తప్పు కొడితే అందరూ అరవాలి. ముగ్గు చెరగకుండా వేళ్ళు ఎత్తి ఎత్తి పొడవడం అలవాటైంది. కోళ్ళు మీటల మీద నడిచేవి. పక్కింటి అత్త ఆగి చూసేది.

"ఏటే ఈ ముగ్గు? సుక్కా నేదు, మెలికా నేదు. అన్నీ గళ్ళే."

"కంప్యూటర్ హోంవర్కంట వదినా. మా గుంట బేగి నేర్సీసుకుంతంది" అనేది అమ్మ. ఆ అనడంలో ఎంత గర్వమో. అవును, బయటికి తీసేశారన్న సంగతి నేను అమ్మకి చెప్పలేదు. మొదటి రోజు చెప్పడానికి సిగ్గేసింది. తర్వాత రోజురోజుకీ ఇంకా కష్టమైంది. చెబితే, "మరేటి, మన సేతులకి అదెందుకు, పిక్కలు కొట్టుకో" అంటుందని భయం. అబద్ధం నాకు బాగా వచ్చు. అమ్మ ఎదురుగా మాత్రం తల వంచుకుని పిక్కలు కొట్టుకునేదాన్ని.

అలా వానాకాలం గడిచి, వాయుగుండం పట్టింది. ఉద్దానంలో గాలి అంటే వేరే చెప్పాలా. రెండు రోజులు కొబ్బరి చెట్లు వంగి లేచాయి. కరెంటు పోయింది, స్తంభాలు పడిపోయాయి, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మూడోరోజు, శనివారం, గాలి తగ్గాక బడి ఎలా ఉందో చూద్దామని పరిగెత్తాం. కంప్యూటర్ గది కిటికీ రెక్క ఊడిపోయింది. జల్లు అడ్డంగా లోపలికి కొట్టింది. పైన కప్పిన దుప్పట్లు తడిసి పెట్టెలకి అతుక్కుపోయాయి. హెడ్మాస్టరుగారు వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో. నాకు ఆయన మీదున్న కోపం అక్కడే సగం దిగిపోయింది.

కంప్యూటర్ సారు ఎలాగో సైకిలు మీద వచ్చారు. టెక్కలిలో రిపేరు చేసే మనిషిని అడిగి వచ్చారట. "తడి పూర్తిగా ఆరకండా స్విచ్చి వెయ్యొద్దన్నాడు సార్. బేగి ఆరబెట్టమన్నాడు. ఇది సముద్రం గాలి, ఉప్పు తడి. నాలుగు రోజులు అలాగే ఉంటే లోపలంతా తుప్పు పట్టీసి ఇంక దేనికీ పనికి రావంట."

"ఆరబెట్టడానికి ఎండేదీ? కరెంటేదీ?" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఎండ లేదు, ఇంకో నాలుగు రోజులు ముసురే. కరెంటు లేదు. ఉద్దానం మొత్తం మీద పొడి గుడ్డ దొరికే ఇల్లు లేదు. పొడిగా ఉన్న చోటు ఒక్కటే ఉంది, అది నాకు తెలుసు. ఆ పెట్టెలు పోతే నా కాశీబుగ్గ కూడా పోతుంది. ఇక ఊరుకోలేకపోయాను.

"మా అమ్మ ఆరబెడతాది సార్."

"ఏటీ?"

"మా అమ్మ పని సేసే ఫ్యాక్టరీలో బోర్మా ఉంది సార్. పప్పు ఆరబెట్టే ఏడి గది. దానికి కరెంటు అక్కర్లేదు, కింద జీడి పెంకులే మంట. పొగ గొట్టంలోంచి బయటికెల్లిపోతాది, లోపలికి ఒట్టి ఏడే వస్తాది. మా అమ్మే దాన్ని సూసుకుంతాది."

"ఇది పప్పు కాదే" అన్నారు హెడ్మాస్టరుగారు. కాని కంప్యూటర్ సారు నావైపు తిరిగి, "ఎంత ఏడి ఉంటాది?" అన్నారు. బడిలో చేరాక ఆ సారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు జవాబు వచ్చు. "మా అమ్మ ఎంత కావాలంటే అంత పెడతాది సార్."

ఇంకో దారి లేదు. హెడ్మాస్టరుగారింట్లో ట్రంకు పెట్టె అడుగున తడవకుండా మిగిలిన కొత్త దుప్పట్లు తెచ్చి, కంప్యూటర్లన్నీ చుట్టి, ఆటో మీద పలాస తీసుకెళ్ళాం. దారంతా చెట్లు పడి ఉన్నాయి. ప్రతి చోటా దిగి కొమ్మలు లాగడం, మళ్ళీ ఎక్కడం. నా ఒళ్ళో ఒక కీబోర్డు. ఆరునెలలు కిటికీలోంచి చూసిన దాన్ని మళ్ళీ ఇప్పుడు ముట్టుకున్నాను, అదీ తడిసి ముద్దయిన దాన్ని. ఐనా నాకు పండగలాగే ఉంది, ఏమీ దాచను.

ఫ్యాక్టరీలో తడిసిన పప్పుని కాపాడుకోవడానికి బోర్మా వెలిగించే ఉంచారు. మేస్త్రీ మా వెనకాల ఉన్న హెడ్మాస్టరుగార్ని చూసి కాదనలేక, ఒక పక్క అరలు వాడుకోమన్నాడు. అమ్మ వచ్చింది. అంతా విన్నది. పెట్టెల్ని కాదు, ముందు కంప్యూటర్ సారుని చూసింది.

"ఇందులో ప్లాస్టిక్కు ఉందా బాబూ?"

"చాలా ఉందమ్మా."

అమ్మ ఇంకేమీ అడగకుండా కొప్పులోంచి దువ్వెన తీసి బోర్మాలో పెట్టి తలుపు వేసింది. కాసేపటికి తీసింది. దువ్వెన రొయ్యలా వంకర తిరిగి ఉంది. హెడ్మాస్టరుగారి మొహంలో రక్తం లేదు. అమ్మ కింద మంట సగం లాగించేసింది, తలుపులు బార్లా తీయించింది, చెయ్యి లోపల పెట్టి నోట్లో లెక్క పెట్టుకుంది. పప్పుకి ఐదు లెక్క పెట్టేలోగా చెయ్యి తీసెయ్యాలనిపించాలట. దీనికి ముప్ఫై దాకా పెట్టుకున్నా చెయ్యి చురుక్కుమనకూడదని తనకి తానే నిర్ణయించింది. "ఇంకో దువ్వెన కావాల" అంది. ఎవరి దగ్గరా లేదు. హెడ్మాస్టరుగారు కాస్త తటపటాయించి చొక్కా జేబులోంచి చిన్న దువ్వెన తీసిచ్చారు. ఆయన తల మీద దానికి పెద్దగా పనుండదు. నేను నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాను. ఆ దువ్వెన ఒక గంట బోర్మాలో ఉండి తిన్నగా బయటికొచ్చింది.

అప్పుడు కంప్యూటర్ సారు పెట్టెలు విప్పారు. టీవీల్లాంటి తెరలు మాత్రం లోపల పెట్టొద్దని, బోర్మా బయట, దాని వేడి గోడకి కాస్త దూరంగా ఉంచారు. తక్కినవన్నీ పప్పు ట్రేలలో పేర్చారు. రెండు గంటలకోసారి అమ్మ ఒక్కోటీ ఇటుది అటు తిప్పేది. చెవి దగ్గర పెట్టుకుని కదిపేది. వేలితో మీటి వాసన చూసేది. "ఇంకా సెమ్ముంది" అనేది. కంప్యూటర్ సారు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, "సెమ్ముందని ఎలాగ తెలస్తంది?" అని అడిగేవారు. అమ్మ చెప్పేది, ఆయన వినేవారు. నాకు ఎక్కడలేని ఉషారు. మా సారు మా అమ్మ దగ్గర పాఠం చెప్పించుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం కీబోర్డుల వంతు. సారు మీటలు ఒక్కోటీ పీకి పక్కన పెడుతున్నారు. మొదటి రోజు పైపైన దులిపినవే. అడుగున మెత్తటి బూడిద ఇంకా ఉంది. అమ్మ వేలితో తీసి నలిపి చూసింది.

"ఇది పెంకు బూడిద. మా పొయ్యిదే. ఇందులోకి ఎలాగొచ్చింది?"

 నేను ట్రేల వెనక్కి జరిగాను. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, మొదటి రోజు జరిగిందంతా చెప్పారు. చేతులు చూసి బయటికి తీసేసిన సంగతీ చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయన చూపు అమ్మ చేతుల మీద పడింది. ఆ చేతుల్లో అప్పుడు ఆయన సంతకం పెట్టి తీసుకున్న కంప్యూటరు లోపలి పచ్చటి పలక ఉంది. 

 అమ్మ పలకని జాగ్రత్తగా ట్రేలో పెట్టి, తలుపు వేసి, మంట చూసుకుంది. సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు మాత్రం అడిగింది. "ఆర్నెల్లు నన్ను ముగ్గుకి కాపలా పెట్టినావు. ఒక్క మాట సెప్పలేకపోయినావేటి?"

"సెప్తే మానీమంటావని."

"అనీదాన్నే" అంది. తర్వాత ఇల్లు చేరేదాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున్న కరెంటు వచ్చింది. అన్నీ బిగించి బడిలో బల్లల మీద పెట్టారు. హెడ్మాస్టరుగారు అమ్మకి కబురు పెట్టారు, ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో ఒక్కసారి వచ్చి వెళ్ళమని. అమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. అలవాటు ప్రకారం మా పదకొండు మందిమీ కిటికీ దగ్గర ఉన్నాం. మొదటిది వేశారు. చిన్న చప్పుడు చేసి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కిందికి పరిగెత్తాయి. కంప్యూటర్ సారు రెండు చేతులూ పైకెత్తారు. రెండోది వెలిగింది. మూడోది తటపటాయించి వెలిగింది. నాలుగోది వెలగలేదు, ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు.

"మూడు సాలు" అన్నారు హెడ్మాస్టరుగారు. తర్వాత కిటికీ వైపు తిరిగారు. "అక్కడెందుకు నిలబడ్డారర్రా? లోపలికి రండి." ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో గొంతులో తెలిసింది. "మీరు కూడా రండమ్మా" అని అమ్మని పిలిచారు.

నన్ను మొదటి దాని ముందు కూర్చోబెట్టారు. వేళ్ళు పెట్టాను. నేలని పొడిచినట్టు పొడిచి అలాగే నొక్కిపట్టాను. ఒక్క ఏ కొడితే తెర నిండా ఏ, ఏ, ఏ అని వచ్చాయి. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. చెరిపాను. చెరిపే మీట ఎక్కడుందో చూడకుండానే చెరిపాను.

"మెల్లగా. ఇది వాకిలి కాదు" అన్నారు కంప్యూటర్ సారు.

మెల్లగా కొట్టాను. కళ్ళు తెర మీదే ఉన్నాయి, వేళ్ళు వాటి దారిన అవి వెళ్ళాయి. ఇంగ్లీషు పుస్తకం మొదటి పాఠం, మాట తర్వాత మాట, వరస తర్వాత వరస. నేల మీద ఎన్ని వందలసార్లు కొట్టానో అది. అక్కడ ఏమీ మిగిలేది కాదు, ఇక్కడ కొట్టింది కొట్టినట్టు నిలిచి ఉంది.  సారు నా వెనకాల నిలబడి, "ఈ గదిలో ఇంత బేగి ఇంకెవళ్ళూ కొట్టలేరు సార్" అన్నారు. హెడ్మాస్టరుగారు నా వేళ్ళనే చూస్తున్నారు. నల్లటి వేళ్ళు, తెల్లటి మీటలు. ఒక్క మీట మీదా మరక పడలేదు.

అమ్మ పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఏడెక్కతంది" అంది.

"అది అలాగే ఎక్కతాదమ్మా, పరవాలేదు" అన్నారు కంప్యూటర్ సారు.

అమ్మ చెయ్యి తీసింది. తర్వాత నా చెయ్యి మీటల మీంచి తీసి, వెల్లకిలా తిప్పి చూసింది, తిరిగి మీటల మీద పెట్టింది. హెడ్మాస్టరుగారి వైపు తిరిగింది.

"ఈ పన్లో సేతులు కాలవు గదా బాబూ?"

"కాలవమ్మా."

"ఎన్నేళ్ళు సేసినా?"

ఆయన అమ్మ చేతుల్ని చూశారు. "ఎన్నేళ్ళు సేసినా కాలవమ్మా" అన్నారు.

"అయితే ఈ గుంట నాతోటి రాదు. ఇక్కడే ఉంచీయండి" అంది అమ్మ. పైట బొడ్లో దోపుకుని మెట్లు దిగింది. అప్పటికే ఫ్యాక్టరీకి ఆలస్యమైపోయింది.